టోనరు

చదువరులు నవ్వుదురు గాక. మేము నలువదియేడవ యేట, ఉన్నత పాఠశాలలో పిల్లలకు తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషు చెప్పుకొనుచు, నెల దినములకు పైగా మొగమునకు టోనరు పూసికొంటిమి. పూసికొన్న కారణమును, దానివలన గలిగిన యనర్థమును, దాని వెనుక మాకు దొరకిన యొక సంగతిని ఇచట వ్రాయుచున్నాము. నవ్వదగిన భాగము ముందే వచ్చును. కావున నవ్వువారు త్వరపడవలెను.

మా యింట స్నానపుగదిలో అద్దము క్రింద నొక బల్లచెక్క గలదు. దానిమీద మొన్నమొన్నటి వఱకు సబ్బు, దువ్వెన, గడ్డము గీసికొను సామగ్రి, ఒక పటికగడ్డ తప్ప వేఱొకటి యుండెడిది కాదు. ఈ సంవత్సరము మాఘమాసమున నచట నొక సీసా వెలసెను. అందులో నీళ్లవంటి ద్రవము. పైని చెఱకుగడ బొమ్మ. నూఱు మిల్లీలీటర్లకు నాలుగువందల రూపాయలు. కళాశాలలో చివరి సంవత్సరము చదువుచున్న మా అమ్మాయి తెప్పించుకొన్నదట. వెల చూచి గుండె జల్లుమనెను. పదార్థముల పట్టికలో మొట్టమొదటి పేరు 'నీరు' అని చూచి నవ్వు వచ్చెను.

"నీళ్లకు నాలుగు వందలా?" అంటిమి.

మా అమ్మాయి మాఱుమాటాడక పటికగడ్డను చేతిలోనికి తీసికొని, "నువ్వు గడ్డం గీసుకున్నంక దీన్ని రాసుకుంటవు గద బాపూ. మరి గిదేంది?" అనెను.

మాకు వెంటనే యుత్తరము తోచలేదు. పటిక చర్మమును ముడుచుకొనజేయును, కత్తి తగిలిన చోట నెత్తురును ఆపును. నిజామాబాదులో ఏ క్షౌరశాలలో కూర్చున్నను, చివర తడిపిన పటికతో చెక్కిళ్లు రుద్దక విడువరు. దానిని మేము ముప్పదియేండ్లుగా పరిశుభ్రత యనుకొనుచున్నాము. ఆడుపిల్ల అదే పని సీసాతో చేసికొనినచో దానిని సోకు అంటిమి. ఈ భేదమును సమర్థించుకొనుటకు సంస్కృతమున గాని, ఇంగ్లీషున గాని మాకొక్క వాక్యమును దొరకలేదు.

వస్తువును ఓడింపలేని పండితుడు దాని పేరుమీద పడును. దీనికి తెలుగు పేరు పెట్టుదమని యొకపూట కూర్చుంటిమి. 'ముఖశోధని' యంటిమి, అది విరేచనపు మందువలె నున్నదని మా గృహిణి యనెను. 'త్వగ్దార్ఢ్యకరి' యంటిమి, అది పలుకుటకే మొగమున ముడుతలు పడునని మా అమ్మాయి యనెను. ఇంగ్లీషు 'టోను' అను మాట గ్రీకునుండి వచ్చినది. బిగించి లాగుట యని దానికి మూలార్థము. మన 'తన్' ధాతువును, దానినుండి పుట్టిన తంతువు, తానము మొదలగునవియు దానికి దాయాదులు. వీణతీగను బిగించినట్లు చర్మమును బిగించునది టోనరు అన్నమాట. ఇంత వంశావళి చదివి వినిపించినను ఇంటిలో దానిని టోనరనియే పిలిచిరి. మేమును ఓడి అట్లే వ్రాయుచున్నాము.

బిగించుననుట పాత టోనర్లకు చెల్లును. పూర్వము జనులు మొగమును గట్టి సబ్బుతో కడుగుకొనెడివారు. సబ్బు క్షారము, దాని పి.హెచ్. 9కిని 10కిని నడుమ నుండును. ఆరోగ్యవంతమైన చర్మపు పైపొర పి.హెచ్. సుమారు 5, అనగా కొంచెము పులుపు. అదియుగాక బోరునీటిలో సున్నపుపాలు హెచ్చుగా నున్నచో సబ్బు దానితో కలిసి, విడువని జిడ్డుపొరగా చర్మముపై నిలుచును. ఆ పొరను తుడుచుటకును, చర్మమునకు దాని పులుపును మరల నిచ్చుటకును టోనరు పుట్టినది. అందులో సారాయిసత్తు కలిపెడివారు. అది ఆవిరియై పోవునపుడు చల్లగా తోచును, చర్మము బిగిసినట్లుండును, వెంట వెంట వాడిన మొగము బీటలు వాఱును. మన పెండ్లిపందిళ్లలో చల్లెడి పన్నీరు దీనికంటె సాధువైన చుట్టము. ఇప్పుడు మొగము కడుగుకొను ద్రవములు పలువిధములు వచ్చినవి. వానిలో పెక్కు సబ్బులు కావు, జిడ్డుపొరను మిగుల్పవు. కావున తుడుపుపనికి టోనరు ఇంచుమించుగా అక్కఱలేనిదైనది. చర్మవైద్యులును మొగమునకు టోనరు తప్పనిసరి యని చెప్పరు. బ్రతుకుతెరువు పోయిన పాత యుద్యోగి వేఱొక కొలువు వెదకికొన్నట్లు, టోనరు ఇప్పుడు మందులు మోయు పని చేయుచున్నది.

ఈ సీసా మోయుచున్నది గ్లైకాలిక్ ఆమ్లము. పండ్లనుండియు పాలనుండియు వచ్చు ఆమ్లముల కులములో నిది మిక్కిలి చిన్న అణువు గలది. కావుననే చర్మములోనికి త్వరగా దిగును. చేపపొలుసులవలె చర్మము పెట్లువాఱు వ్యాధికి ఈ జాతి ఆమ్లములు పనిచేయునని వాన్ స్కాట్, యూ అను నిద్దఱు 1974లో ప్రకటించిరి. అటుతరువాత నవి సౌందర్యసామగ్రిలోనికి దిగినవి. మన చర్మపు పైపొర మృతకణముల పేర్పు. అది రాలి క్రొత్తది పైకి వచ్చుటకు యౌవనమున నాలుగు వారములు పట్టును. వయస్సు ముదిరినకొలది ఇంకను ఆలస్యమగును. ఆమ్లము ఆ మృతకణములను అంటించియున్న జిగురును వదలించును. అంతే, అంతకంటె మాయ యేమియు లేదు. మా నాయనమ్మ సున్నిపిండిలో పులిసిన పెరుగు కలిపి పిల్లలకు నలుగు పెట్టునపుడు జరిగినదియు కొంతవఱకు నిదియే. పెరుగులోనిది లాక్టిక్ ఆమ్లము, దీనికి జ్ఞాతి. ఆమె కలిపిన పసుపు మా నిజామాబాదు పసుపే. జాతీయ పసుపు బోర్డు కార్యాలయము 2025లో మా యూరనే వెలసినదని చెప్పుకొని మేము గర్వపడుచుందుము. ఐనను పెద్దలు చెప్పినవన్నియు మేలే యనరాదు. నిమ్మరసము మొగమునకు రాచికొని యెండలో తిరిగి మచ్చలు తెచ్చికొన్నవారిని మే మెఱుగుదుము. అది ఈ సీసాకంటె పలుమడుగులు పులుపు.

చెఱకు బొమ్మను గూర్చి యొకమాట చెప్పక విడువలేము. గ్లైకాలిక్ ఆమ్లము చెఱకురసమున స్వల్పముగా గలదు. కావున అమ్మువారు చెఱకును ముందునకు తెత్తురు. అంగడికి వచ్చుదానిలో అధికభాగము మాత్రము రసాయనశాలలలో ఫార్మాల్డిహైడు, కార్బన్ మోనాక్సైడు వంటి వానితో తయారగుచున్నది. గుణమున రెంటికి భేదము లేదు, బొమ్మయందే భేదము. ఐనను మా వంటివారి మనస్సు బొమ్మవెంటనే పోవును. మంజీరమీద 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరు నీటితో బోధను ప్రాంతము చెఱకుసీమ యయ్యెను. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టు పెరిగిన యూరికి శక్కర్‌నగరని పేరు. ఆసియాలో పెద్దవానిలో నొకటియని ఒకప్పుడు చెప్పుకొనెడివారు. 2002లో అది ప్రైవేటువారి చేతికి పోయి, 2015 డిసెంబరున మూతపడెను. మా బాల్యమున గానుగ ఋతువు వచ్చినచో ఆ దారినెల్ల మడ్డివాసన నిండియుండెడిది; బండి వెనుకనుండి గడలు లాగికొని పరుగెత్తని పిల్లవాడు పిల్లవాడు కాడు. చెఱకు నఱకు స్త్రీలు చీరమీద మగవారి పొడుగుచేతుల చొక్కాలు తొడిగికొని, మొగమునకు గుడ్డ చుట్టుకొని చేనిలో దిగెడివారు. ఆకుటంచు ఱంపమువంటిది. చెఱకు చర్మమును కోయుననియే మే మెఱుగుదుము. నునుపు చేయునని నాలుగువందల రూపాయల సీసా చెప్పువఱకు నెఱుగము.

"నువ్వు గూడ నెల రోజులు పెట్టుకొని చూడు బాపూ. తర్వాత తిట్టు" అని మా అమ్మాయి పందెము వేసెను. పరీక్ష పెట్టక సున్న వేయుట ఉపాధ్యాయునకు తగదు గదా యని యొప్పుకొంటిమి.

మొదటి రాత్రి దూదికి కొన్ని చుక్కలు పోసి మొగము తుడిచికొంటిమి. చీమలు ప్రాకినట్లు చుఱచుఱలాడి నిమిషములో సర్దుకొనెను. ఉదయమున నుదురు తడిమి చూడగా కొంత నునుపైనట్లు తోచెను. ఒక్క రాత్రిలో నునుపగుట అసాధ్యమని ఇప్పుడు తెలియును. అప్పుడు తోచెను, అంతే. అధికమునకు అధికఫలమని తలచి, రాత్రియేగాక ఉదయమునను, గడ్డము గీసికొన్న వెంటనే, పటికను మానుకొని దీనిని పూయసాగితిమి. మార్చి నడుమ ఒంటిపూట బడులు వచ్చినవి. పండ్రెండున్నరకు బడి విడిచి, నడినెత్తిన సూర్యునితో స్కూటరుమీద నిల్లు చేరుచుంటిమి. అయిదవ దినమున చెక్కిళ్లు ఎఱ్ఱబాఱెను, ఏడవ దినమున ముక్కుప్రక్కల పొట్టు లేచెను, ఎనిమిదవ దినమున తరగతిలో వెనుకబల్ల పిల్లవాడు "సార్, మీకు కారం గిట్ట వడ్డదా?" యని మిక్కిలి దయతో నడిగెను.

ఇంటికి వచ్చి మా అమ్మాయిమీద లేచితిమి. ఆమె సీసా తిప్పి, దాని వీపున చీమతలకాయలంత యక్షరములను చూపెను. రాత్రిపూట మాత్రమే పూయవలెను. మొదట వారమునకు రెండుసార్లకంటె మించరాదు. క్షౌరము చేసిన వెంటనే పూయరాదు. పగలు సన్‌స్క్రీను తప్పక పూయవలెను. ప్రశ్నపత్రమును ఆసాంతము చదివి మఱి కలము పట్టుడని యిరువదియేండ్లుగా పిల్లలకు చెప్పుచున్న మేము ఒక్క యక్షరమును చదువలేదు. ఈ యామ్లములు వాడువారి చర్మము ఎండకు త్వరగా కమలునని, వాడుట మానిన వారముదినములలో ఆ గుణము పోవునని పరీక్షలలో తేలినది. అమెరికాలో ఔషధశాఖవారు అట్టి సామగ్రిమీద ఎండను గూర్చిన హెచ్చరిక ముద్రింపవలెనని 2005లో సూచించిరి.

మాకు మఱియు సిగ్గు కలిగించినది వేఱొకటి. వాగ్భటుడు అష్టాంగహృదయమున ముఖలేపమును మూడు విధములుగా చెప్పెను: దోషమును హరించునది, విషమును హరించునది, వర్ణము నిచ్చునది. పూత ఎంత మందముండవలెనో అంగుళములో పాలు లెక్కతో చెప్పెను. ఎండకముందే తడిపి తీసివేయుమనెను. పూసికొన్నవాడు పగటినిద్ర, అతిభాషణము, అగ్ని, ఎండ, శోకము, క్రోధము మానవలెనని నియమించెను. ఈ యధ్యాయమును మేము విద్యార్థిదశలోనే చదివితిమి. పూత పూసికొని ఎండలో తిరిగి, తరగతిలో గంటలకొలది మాటలాడి, ఇంటికి వచ్చి కోపగించుకొంటిమి. శోకము, పగటినిద్ర తప్ప తక్కినవన్నియు నెరవేర్చితిమి.

ఎనిమిది దినములు అన్నియు మాని, పిదప చెప్పినట్లుగా మొదలిడితిమి: బుధవారము, శనివారము, రాత్రిపూట; పగలు సన్‌స్క్రీను, నెత్తిన రుమాలు. ఈ విధముగా నెల గడచెను. ఫలితమును పక్షపాతము లేక చెప్పుచున్నాము. నుదుటి గరుకు తగ్గినది. చేతితో తడిమిన తెలియును, చూచిన తెలియదు. కన్నుల క్రింది ముడుతలు ఎప్పటివలెనే యున్నవి. ఎడమ చెక్కిటి మచ్చ కదలలేదు. రంగు వీసమెత్తు మారలేదు. వలయునన్నవారు వాడుకొనవచ్చును, వలదన్నవారికి లోటు లేదు. ఇంతటితో ముగించియుండవలసినది.

కాని లేబిళ్లు చదువు జబ్బు ఒకసారి పట్టినచో వదలదు. ఒక ఆదివారము బల్లచెక్కమీది వస్తువులన్నిటి వీపులు చదువసాగితిమి. సీసా వెనుక, గోడకానుకొని, చిటికెనవ్రేలంత గొట్టము దొరకెను. సగము వఱకు నొక్కి చుట్టబడియున్నది. ఎడమ యంచున ఎఱ్ఱగీత. వైద్యుని చీటి లేక అమ్మరాదని సూచన. పదార్థములలో క్లోబెటసాల్ అను పేరు. అది స్టిరాయిడు జాతి మందు, ఆ జాతిలో మిక్కిలి తీక్ష్ణమైనది. కొన్ని చర్మవ్యాధులకు కొలది దినములు వాడదగినదే గాని మొగమునకు పూయు వస్తువు కాదు.

మా అమ్మాయిని పిలిచి అడిగితిమి. కొంతసేపు నేల చూచెను.

"దోస్తు ఇచ్చింది. పది రోజులల్ల తెల్లగైతరట."

"ఎన్ని దినములనుండి?"

"ఇరవై రోజులైతుంది."

ఆమెను కిటికీ వెలుతురులో నిలిపి చూచితిమి. చెక్కిళ్లమీద ఎఱుపు, ముక్కు దగ్గఱ సన్నని నరముల గీతలు, గదుమమీద చిఱుపొక్కులు. ఇరువది దినములుగా నవి యచటనే యున్నవి. మేము దినమును రెండుసార్లు అద్దమున మా మొగమే చూచుకొనుచుంటిమి.

"నీకు తెల్లబడవలెనని యెవరు చెప్పిరి తల్లీ?" అని యడిగితిమి. ప్రకటనలను, చలనచిత్రములను, ఆమె స్నేహితురాండ్రను తిట్టుటకు మాటలు సిద్ధము చేసికొనుచునే యడిగితిమి.

ఆమె లేచి మా బల్ల సొరుగు తెఱచి, జవాబుపత్రముల కట్టక్రిందినుండి యొక కాగితము తీసి మా చేతి కిచ్చెను. అది వివాహసంబంధములు చూచు కార్యాలయమునకు మేము పూర్తిచేసి యిచ్చిన పత్రమునకు ప్రతి. చదువు ముగియువఱకు పెండ్లిమాట యెత్తరాదని నలుగురిలో చెప్పిన మేమే, మా అక్కగారి ఒత్తిడికి, 'ఊరక పేరు నమోదు చేసిన నేమి నష్టము' అను సాకుతో దానిని నింపితిమి. పేరు, గోత్రము, ఎత్తు, చదువు. 'రంగు' అను గడిలో మా గుండ్రని చేవ్రాతతో 'చామనచాయ' అని యున్నది.

మా అమ్మాయిది చామనచాయ కాదు, నలుపు. మా తల్లిగారి పోలిక.

"నా రంగు గది కాదు గద బాపూ" అనెను. "నువ్వు రాసింది అబద్ధం గావద్దని చూసిన."

ఆమె గొంతులో నిష్ఠురము లేదు. ఉన్నచో మాకు సులువుగా నుండెడిది.

ఆ గడి నింపిన నాడు మేమేమి యాలోచించితిమని తరువాత పలుమాఱులు జ్ఞప్తికి తెచ్చికొన యత్నించితిమి. ఏమియు నాలోచింపలేదు. కలము ఆగలేదు. అక్కగారు ప్రక్కన కూర్చుండియుండిరి. ఆమెయు నేమియు ననలేదు. నలుపని వ్రాయుట ఆడుపిల్లకు చేటు చేయుటయని మా యిద్దఱికిని ఎవరును చెప్పకయే తెలియును. బడిలో మేము 1937లో మా నిజామాబాదున జరిగిన ఆంధ్రమహాసభను గూర్చి పాఠము చెప్పునపుడు, ఆనాటి స్త్రీవిద్యోద్యమమును గూర్చి గొంతు పెంచి పలుకుదుము. వరకట్నము తీసికొను నింట భోజనము చేయమని ప్రతిజ్ఞ పట్టినవారము. ఆ ప్రతిజ్ఞలో ఈ గడి లేదు. మన దేశమున 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ యని వెలువడిన తెలుపుపూత 2020లో జనుల నిందకు తగ్గి గ్లో అండ్ లవ్లీ యని పేరు మార్చుకొన్నప్పుడు, పేరు మార్చిన బుద్ధి మాఱునా యని మా ఉపాధ్యాయుల గదిలో నవ్వినవారిలో మేమును ఒకరము. వారు సీసామీది మాట మార్చిరి. మేము కాగితముమీది మాట మార్చితిమి. వారికి లాభమైన నుండెను.

మఱునాడు పండితులు చేయు పనియే చేసితిమి. చరకసంహిత తీసి, ఇంద్రియస్థానమున శరీరమునకు సహజమైన వర్ణములు నాలుగని చెప్పిన చోటు వెదకి, మా అమ్మాయి ముందు పెట్టితిమి. కృష్ణము, శ్యామము, శ్యామావదాతము, అవదాతము, నలుపే మొదటిది. ఆ వెంటనే వ్యాధిచే గలుగు వర్ణములు చెప్పునపుడు నీలము, తామ్రము మొదలగువానితో శుక్లమును, అనగా తెలుపును, చేర్చినాడు. ద్రౌపదికి కృష్ణయని పేరు వచ్చినదే వర్ణమునుబట్టి యని కూడ చెప్పితిమి.

ఆమె ఓపికగా వినెను. తరువాత, "మంచిగున్నది బాపూ. మరి ఆ కాయితం నింపేటప్పుడు చరకుడు యాదికి రాలేదా?" అనెను.

పుస్తకము మూసితిమి.

ఖలీల్‌వాడిలో నొక చర్మవైద్యురాలి యొద్దకు ఆమెను తీసికొనిపోయితిమి. ఆమె గొట్టము చూచి ఆశ్చర్యపడలేదు. వారమునకు ఎందఱో యిట్టివారు వచ్చుచుందురట. ఆ మందు మొదట రక్తనాళములను ముడిచి మొగమును పాలిపోవునట్లు చేయును, దానినే తెలుపనుకొందురు. పిదప చర్మము పలుచనై, నరములు బయటపడి, మొటిమలు, వెండ్రుకలు పుట్టును. మానినచో మంటయు ఎఱుపును తిరుగబడును; ఆ బాధకు తాళలేక మరల పూయుదురు. ఇట్లు చెడిన మొగమునకు వైద్యులొక ప్రత్యేకమైన పేరే పెట్టుకొన్నారు. ఇట్టి పూతలను వైద్యుని చీటి లేక అమ్మరాదని ప్రభుత్వము 2018లో కట్టుదిట్టము చేసినది. ఐనను చేతులు మాఱి వచ్చుచునే యున్నవి. ఇరువది దినములే యగుటచేత మా అమ్మాయి కోలుకొనునని చెప్పెను. రెండు నెలలు ఆమ్లములు, సుగంధములు ఏవియు తాకరాదు. సాదా తేమపూత, సన్‌స్క్రీను చాలును.

"టోనర్ గూడ బందేనా మేడం?" అని మా అమ్మాయి యడిగెను.

"టోనర్‌ది తప్పేం లేదమ్మా. కాని కందిన చర్మం మీద యాసిడ్ వద్దు" అని వైద్యురాలు చెప్పి, చీటి వ్రాయుచు, "నల్లగా ఉన్నావని నిన్ను ఎవరన్నా ఏమన్నా అన్నారా?" యని మెల్లగా నడిగెను. మా అమ్మాయి గోడమీది క్యాలెండరు వైపు చూచెను. ఎవరో కాదు మేమే యని మేము చెప్పితిమి. వైద్యురాలు తల యెత్తలేదు, వ్రాయుచునే యుండెను.

ఇంటికి వచ్చి ఎఱ్ఱసిరా కలము తీసి, 'చామనచాయ' కొట్టివేసి దానిపై 'నలుపు' అని వ్రాయబోతిమి. మా అమ్మాయి చేయి పట్టుకొనెను. "దిద్దుడు వద్దు. కాయితమే వాపస్ తీస్కరా" అనెను. మఱునాడు పోయి తీసికొని వచ్చితిమి. కట్టిన రుసుము తిరిగి రాదనిరి; అడుగను లేదు. మా అక్కగారు నాటినుండి మా యింటికి వచ్చుట మానిరి. ఫోనుచేసినచో మా గృహిణితో మాత్రము మాటలాడుదురు.

ఒంటిపూట బడులు ముగిసి, సెలవులు గడచి, బడులు మరల తెఱచిరి. మా అమ్మాయి చెక్కిళ్ల ఎఱుపు మొదటి నెలలో హెచ్చినట్లై భయపెట్టి, తరువాత నణగెను. సన్నని గీతలు రెండు మూడు మిగిలినవి. ఆషాఢమున వైద్యురాలు వారమునకొకసారి టోనరు వాడవచ్చునని సెలవిచ్చెను. ఎందులకమ్మా యింక నది, మానరాదా యని మేమంటిమి. "తెల్లగైతందుకు కాదు. ముట్టుకుంటె మెత్తగున్నది, నాకు మంచిగనిపిస్తది. గంతే" అనెను. మా యనుభవమునను అది నిజమే కావున కాదనలేకపోతిమి.

సీసా తెచ్చి వెలుతురునకు పట్టి చూచెను. అడుగున వ్రేలెడు మాత్రము మిగిలియున్నది. ఫాల్గుణ చైత్రములలో ఉదయము సాయంకాలము దానిని పోసికొన్నది ఎవరో ఇంటిలో అందఱికిని తెలియును. తరువాతి సీసాకు సగము రొక్కము మేమీయవలెనని తీర్పు చెప్పెను. రెండువందల రూపాయలు లెక్కపెట్టి యిచ్చితిమి. పటికగడ్డ అఱిగి గవ్వంత యైనది. దానిని మాత్రము మా సొంతపు డబ్బుతో కొనుక్కొమ్మన్నది.